గాడ్‌స్టో: ప్రేమకథ చాటున మాయమైన మాన్యం

ఆక్స్‌ఫర్డ్ నగరానికి వాయవ్యంగా మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో, థేమ్స్ నది ఒడ్డున, గాడ్‌స్టో అనే చోట ఒక సన్యాసినుల మఠం శిథిలాలు ఉన్నాయి. ఎవరిని అడిగినా దాని గురించి మూడు సంగతులే చెబుతారు. రెండో హెన్రీ రాజు ప్రియురాలు రోసమండ్‌ను అక్కడే సమాధి చేశారు. ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ కథ పుట్టిన పడవ ప్రయాణం అక్కడికే సాగింది. వంతెన పక్కన మంచి పబ్బు ఉంది. మూడూ నిజమే. కాకపోతే నాలుగు వందల ఏళ్ళ పాటు ఆ గోడల మధ్య ఉండి, భూములు కొని, కౌళ్ళకిచ్చి, కోర్టులకెక్కి, పద్దులు రాసుకున్న ఆడవాళ్ళ ఊసు ఈ మూడింటిలో ఎక్కడా లేదు. రాజుగారి ప్రియురాలి కథ అంత మోతగా వినిపించడం వల్లనే మిగిలినదంతా వినబడకుండా పోయిందని నాకు గట్టి అనుమానం. ఆ మిగిలినది ఏమిటో చెప్పడానికే ఈ వ్యాసం.

అక్కడికి వెళితే ముందు కలిగేది నిరాశే. యార్క్‌షైర్‌లోని ఫౌంటెన్స్ మఠంలాంటి ఆకాశమెత్తు కమానులను ఊహించుకుని వెళ్ళకూడదు. ఇక్కడ ఉన్నది నాలుగు వైపులా ప్రహరీ, లోపల గడ్డి, ఒక మూలన కప్పు లేని చిన్న ప్రార్థన మందిరం. దాని తూర్పు గోడకు మూడు భాగాలుగా చీల్చిన రాతి కిటికీ ఒకటి మిగిలింది. అది మఠాధ్యక్షురాలి సొంత మందిరమని, మఠం చివరి రోజుల్లో కట్టిందని అంటారు. అసలు చర్చి నేలమట్టమైంది. నదికి అవతల పోర్ట్ మెడో అనే పెద్ద పచ్చిక బయలు ఉంది. నాగలి తగలని ఉమ్మడి భూమిగా దానికి పేరు, 1086 నాటి డూమ్స్‌డే భూముల లెక్కల్లోనే దాని ప్రస్తావన ఉంది. ఆ బయలులో మేసే పశువులను ఏటా తోలుకొచ్చి లెక్క చూసే రోజున ఈ మఠం ప్రహరీ బందెలదొడ్డిగా పనికొచ్చేది. పక్కనే ఏ34 రహదారి. లారీల హోరు ఒక్క నిమిషం ఆగదు. ధ్యానానికి కూర్చుందామనుకునేవాళ్ళు వేరే శిథిలాలు వెతుక్కోవాలి.

మఠం పుట్టింది 1133 ప్రాంతంలో. స్థాపించింది ఈడిత్ అనే వితంతువు, విలియం లాన్స్‌లీన్ అనే నైటు భార్య. మఠం తన గురించి తాను చెప్పుకున్న కథ ప్రకారం, ఆమెకు కలలో ఆజ్ఞ అయింది: ఆక్స్‌ఫర్డ్ దగ్గర బిన్సీ అనే పల్లెలో ఉండు, ఆకాశం నుంచి వెలుగు ఎక్కడ నేలను తాకితే అక్కడ మఠం కట్టు అని. ఇలాంటి స్థలపురాణాలు మనకేమీ కొత్త కాదు కాబట్టి కలను పక్కన పెడదాం. నాకు ఆసక్తి ఆమె వితంతువు కావడంలో ఉంది. ఆ కాలపు ఇంగ్లండులో పెళ్ళయిన స్త్రీ ఆస్తి మొత్తం భర్త అదుపులో ఉండేది. పెళ్ళికాని పిల్ల తండ్రి చేతి కింద. సొంత సంతకంతో (సంతకమంటే అప్పట్లో మైనపు ముద్ర అనుకోండి) భూమి వ్యవహారం నడపగలిగిన ఆడమనిషి ఎవరైనా ఉంటే అది వితంతువే. ఈడిత్ ఆ వెసులుబాటును ఒక తరంతో ముగిసిపోనివ్వలేదు. భూమిని జాన్ ఆఫ్ సెయింట్ జాన్ అనే ప్రభువు దగ్గర సంపాదించింది. 1139లో చర్చి ప్రతిష్ఠకు స్టీఫెన్ రాజునూ రాణినీ రప్పించింది. తానే మొదటి మఠాధ్యక్షురాలైంది. ఎమ్మా, హవీస్ అనే ఇద్దరు కూతుళ్ళను తన కింద ప్రయోరెస్‌లుగా, అంటే మఠాధ్యక్షురాలి తరువాతి పెద్దలుగా, నిలబెట్టింది. భక్తి లేదని అనను. కానీ ఆమె కట్టింది ఆడవాళ్ళ చేతిలో తప్ప మరొకరి చేతిలోకి పోని ఆస్తిని. వ్యక్తి చనిపోతే వారసుడు వస్తాడు. మఠానికి చావు లేదు, అల్లుడూ లేడు.

ఆ ఆస్తి చిన్నది కాదు. ప్రతిష్ఠ నాటికే ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ జైల్స్ చర్చి మఠం కిందికి వచ్చింది. ఊళ్ళో ఇళ్ళు, అద్దెలు. చుట్టుపక్కల వుల్వర్‌కోట్ లాంటి పల్లెల్లో పొలాలు. బ్లాక్స్‌హామ్, వైకోంబ్ చర్చిల మీద హక్కులు. మన ఊళ్ళలో దేవుడి మాన్యం ఎలా పోగవుతుందో, ఎవరు చనిపోయినా వాళ్ళ పేరున ఒక చెక్క ఎలా వచ్చి చేరుతుందో అలాగే. రాసిచ్చినవాళ్ళు కోరేది ఒకటే: మా ఆత్మల కోసం ప్రార్థించండి.

రోసమండ్ క్లిఫర్డ్ ఈ కథలోకి వచ్చేది కూడా ఇదే దారిన. ఆమె వాల్టర్ క్లిఫర్డ్ అనే ప్రభువు కూతురు. 1176 ప్రాంతంలో చనిపోతే గాడ్‌స్టోలో సమాధి చేశారు. తండ్రి తన భార్య మార్గరెట్, కూతురు రోసమండ్‌ల ఆత్మశాంతి కోసం ఫ్రాంప్టన్‌లోని ఒక మరను మఠానికి రాసిచ్చాడు. రాజు కూడా ధారాళంగా ఇచ్చాడు. సన్యాసినులు ఆమె సమాధిని ప్రధాన బలిపీఠం ముందే పెట్టి, పట్టువస్త్రాలు కప్పి, దీపాలు వెలిగించి ఉంచారు. 1191లో లింకన్ బిషప్ హ్యూ తనిఖీకి వచ్చి అది చూశాడు. ఎవరిదని అడిగాడు. చెప్పారు. రాజు ఉంచుకున్న ఆడదాన్ని బలిపీఠం ముందు పెడతారా, తీసి బయట పూడ్చండి, మిగతా ఆడవాళ్ళకు బుద్ధి వస్తుంది అని ఆజ్ఞాపించాడు. హెన్రీ చనిపోయి అప్పటికి రెండేళ్ళయింది. రాజు బతికుండగా బిషప్‌గారికి ఈ ధర్మసందేహం ఎందుకు రాలేదో మనం ఊహించుకోవచ్చు.

సన్యాసినులు ఆమెను ఎందుకు అంత గౌరవించారు? పాపిష్టి ప్రేమ మీద జాలితో అని కవులు రాశారు. నాకు అంతకన్నా సూటి కారణం కనిపిస్తుంది. ఆ సమాధి దగ్గర దీపం వెలిగించడం వాళ్ళు ఒప్పుకున్న పని. మర తీసుకున్నారు, మాట నిలబెట్టుకున్నారు. బిషప్‌కు కనిపించింది వ్యభిచారిణి, వాళ్ళకు కనిపించింది దాత. ఇందులో ఎవరి దృష్టి మెరుగైనదో చదివేవాళ్ళే తేల్చుకోవాలి. నా ఓటు సన్యాసినులకే.

ఆ తరువాత కథ పెరిగింది. వుడ్‌స్టాక్‌లో రాజు కట్టించిన పద్మవ్యూహంలాంటి చిక్కుదారుల తోట, దారం పట్టుకుని లోపలికి వచ్చిన ఎలినార్ రాణి, ఒక చేతిలో కత్తి, ఒక చేతిలో విషపాత్ర. అన్నీ తరువాతి శతాబ్దాల కల్పనలే. రోసమండ్ చనిపోయిన నాటికి ఎలినార్ కొడుకుల తిరుగుబాటుకు కొమ్ము కాసినందుకు భర్త నిర్బంధంలో ఉంది. ఆమె ఏ తోటలోకీ వెళ్ళే స్థితిలో లేదు. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య పోట్లాట పెట్టి మధ్యలో ఉన్న మగవాణ్ణి ఒడ్డున పడేసే కథలు మన జానపదాల్లోనూ బోలెడు ఉన్నాయి. వాటికి ఆయుష్షు ఎక్కువ.

ఈ కథ కన్నా నాకు వంద రెట్లు విలువైనది ఒక పుస్తకం. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. గాడ్‌స్టో మఠానికి వచ్చిన దానపత్రాలు, కౌలు పత్రాలు, రాజీ ఒప్పందాలు అన్నిటినీ 15వ శతాబ్దం మొదట్లో లాటిన్‌లో ఒక దస్తరంగా కూర్చారు. 1450 ప్రాంతంలో ఆలిస్ హెన్లీ మఠాధ్యక్షురాలిగా ఉన్నప్పుడు ఒక అనామక సోదరుడు ఆ దస్తరాన్ని ఇంగ్లీషులోకి దించాడు. ఎందుకో ముందుమాటలో చెప్పాడు. లాటిన్ వాళ్ళ తల్లిభాష కాదు కాబట్టి సన్యాసినులకు ఆ పత్రాలు సరిగ్గా బోధపడటం లేదు. చదువుకున్న న్యాయవాదులు అన్నివేళలా అందుబాటులో ఉండరు. దస్తావేజులు తామే చదివి అర్థం చేసుకోగలిగితే, శిస్తు వసూలుదారులకూ పనివాళ్ళకూ సరైన ఆదేశాలు ఇవ్వగలుగుతారు.

ఊళ్ళో కరణం దగ్గర కాగితాలన్నీ ఉండిపోయి, ఆయన చదివిందే వేదమై, పొలం గట్టు ఎక్కడుందో ఆయన నోటి నుంచి వినాల్సి వచ్చిన తరాల జ్ఞాపకం మన కుటుంబాల్లో ఇంకా ఆరిపోలేదు. అందుకే ఆ ముందుమాట నాకు మామూలు ముందుమాటలా అనిపించలేదు. తమ కాగితాలు తామే చదువుకోవాలని అనుకున్న యజమానులు వీళ్ళు. ఆ పుస్తకం మొదట్లో అక్షరమాల పద్యం, పండుగల పంచాంగం, ప్రార్థనలు ఉంటాయి. తరువాత వందల పుటల మేర ఫలానా ఇల్లు, ఫలానా మైదానం, ఫలానా వాడు ఏటా ఇన్ని పెన్నీలు. 1905 నుంచి 1911 మధ్య ఆండ్రూ క్లార్క్ సంపాదకత్వంలో అది అచ్చయింది. చదవడానికి విసుగే, దాచను. కానీ మఠం లోపలి రోజువారీ బతుకు దగ్గరికి తీసుకెళ్ళేది ఆ విసుగే. గాడ్‌స్టోలో మిగిలిన శిథిలాల్లో అన్నిటికన్నా చెక్కుచెదరనిది ఆ పుస్తకమని నా అభిప్రాయం.

వీళ్ళను దేవతలను చేయబోవడం లేదు. లోపలికి వచ్చినవాళ్ళు ఎక్కువగా కలిగినింటి ఆడపిల్లలు. పెళ్ళికి ఇవ్వాల్సిన కట్నం కన్నా మఠానికి ఇచ్చే సొమ్ము తక్కువ కాబట్టి వచ్చినవాళ్ళూ ఉంటారు. ఇష్టం అడిగి పంపారని నమ్మడం కష్టం. ఆ శిస్తులు కట్టింది పల్లెల్లో చెమటోడ్చిన రైతులు. ఆ రైతుల భార్యలకు మఠం తలుపు సేవకురాలిగా తప్ప తెరుచుకోలేదు. లాటిన్ రాదనే సంగతే వాళ్ళ చదువుకు ఉన్న హద్దును చూపిస్తుంది. పక్కనే ఆక్స్‌ఫర్డ్ ఉంది, అక్కడి చదువు మగవాళ్ళది. ఆ విశ్వవిద్యాలయం నుంచి మఠం దాకా వచ్చింది విద్య కాదు, విద్యార్థులు. 1284లో ఆర్చిబిషప్ పెకమ్ పంపిన ఆదేశాల్లో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులతో మాటలు కట్టిపెట్టమన్న హెచ్చరిక ఉంది. 15వ శతాబ్దపు బిషప్‌ల తనిఖీల్లోనూ అదే గొడవ. కట్టడి ఎప్పుడూ లోపలున్న వాళ్ళకే. నది ఒడ్డున నడిచొచ్చే కుర్రవాళ్ళకు వేసిన సంకెళ్ళ గురించి ఆ కాగితాల్లో వెతకడం దండగ.

ఈ తనిఖీల ఆధారంగానే మరో కథ నడుస్తోంది. గాడ్‌స్టో గోడల వెంట ఒక పసుపు పూల మొక్క పెరుగుతుంది. దాని శాస్త్రీయ నామం అరిస్టోలోకియా క్లెమాటిటిస్. మన దగ్గర పాముకాటుకు నాటువైద్యులు వాడే ఈశ్వరి తీగ ఈ కుటుంబానిదే. మధ్యయుగపు యూరప్‌లో దీన్ని కాన్పు కష్టమైనప్పుడు వాడేవారు, గర్భస్రావానికీ వాడేవారు. మూత్రపిండాలను పాడుచేసే విషం ఇందులో ఉందని ఇప్పుడు తెలుసు. మొక్క కనబడగానే కొందరు కన్నుగీటి, చూశారా, సన్యాసినులకు ఇది ఎందుకు అవసరమైందో అంటారు. ఆ కాలపు మందుమొక్కల తోటల్లో ఇది మామూలు మొక్క. చుట్టుపక్కల పల్లెల్లో కాన్పులు జరిగేవి కదా, మందు తెలిసిన ఆడవాళ్ళు మఠంలో ఉండి ఉండవచ్చు కదా అని ఆ కన్నుగీటే పెద్దమనిషికి ఎందుకు తోచదు? ఒక మొక్కను సాక్షిగా నిలబెట్టి నాలుగు వందల ఏళ్ళ ఆడవాళ్ళను బోనెక్కించడం న్యాయం కాదు.

ఇక అసలు సంగతి, ఈ మఠం ఎలా పోయింది. ఎనిమిదో హెన్రీ 1536లో చేసిన చట్టం ఏటా 200 పౌండ్ల లోపు ఆదాయం ఉన్న మఠాలను మూసేసింది. గాడ్‌స్టో ఆదాయం 250 పౌండ్లకు పైమాటే, అందుకని అప్పటికి బతికిపోయింది. చివరి మఠాధ్యక్షురాలు కాథరిన్ బల్క్‌లీ. తన పదవి రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ చలవేనని ఆమె స్వయంగా ఒప్పుకుంది. 1538 నవంబరులో డాక్టర్ జాన్ లండన్ అనే రాజప్రతినిధి పెద్ద పటాలంతో ఉన్నట్టుండి వచ్చి పడ్డాడు. మఠాన్ని అప్పగించమని బెదిరించాడు, బతిమాలాడు, ఒక్కొక్కరినీ విడివిడిగా లొంగదీయాలని చూశాడు. కాథరిన్ లొంగలేదు. నేరుగా క్రామ్‌వెల్‌కు ఉత్తరం రాసింది. ఈ మనిషి నాకు పాత శత్రువు, రాజుగారి ఆజ్ఞ అయితే తప్ప వీడికి అప్పగించను అని తేల్చి చెప్పింది. అదే నెలలో రాసిన మరో ఉత్తరంలో, మా దగ్గర పోపు లేడు, పాపవిమోచన లోకం లేదు, విగ్రహాలూ తీర్థయాత్రలూ లేవు అని కూడా చెప్పుకుంది. మతం విషయంలో రాజు అడిగినవన్నీ వదులుకుంది. ఇల్లు మాత్రం వదలనంది. దీన్ని పిరికితనం అనేవాళ్ళున్నారు. నాకు మాత్రం, ఏది ఇచ్చి ఏది దక్కించుకోవాలో లెక్క తెలిసిన మనిషి కనిపిస్తోంది. ఆ లెక్క ఒక ఏడాది పనిచేసింది కూడా. 1539 నవంబరులో మఠం రాజుపరమైంది. కాథరిన్‌కు ఏటా 50 పౌండ్ల భరణం ఇచ్చారు, మిగతా వాళ్ళకు అందులో చిన్న ముక్కలు. అదే ఏడాది వచ్చిన ఆరు సూత్రాల చట్టం ప్రకారం బ్రహ్మచర్య వ్రతం పట్టినవాళ్ళు పెళ్ళి చేసుకోకూడదు. అంటే మఠం లేదు, పెళ్ళీ లేదు. ఉన్న గూడు పీకి, కొత్త గూడు కట్టుకోవద్దన్నారు.

ఈ డాక్టర్ లండన్ ఎవరో చెప్పలేదు కదా. ఆక్స్‌ఫర్డ్‌లో న్యూ కాలేజీకి అధిపతి. 1379లో స్థాపించిన, భూములూ శిస్తులూ దండిగా ఉన్న, మగవాళ్ళు బ్రహ్మచారులుగా కలిసి ఉండి ప్రార్థనలు చేస్తూ చదువుకునే సంస్థకు పెద్ద. అచ్చంగా అలాంటి సంస్థనే, ఆడవాళ్ళదాన్ని, మూయించడానికి వచ్చాడు. తన కాలేజీ నేటికీ ఉంది. (ఆయన మాత్రం అబద్ధపు సాక్ష్యం కేసులో పడి 1543లో జైలులో చనిపోయాడు. ఈ వాక్యం రాస్తున్నప్పుడు కలిగిన సంతోషాన్ని పాఠకులు మన్నించాలి.)

అది ఒక్క మనిషి దుర్మార్గమైతే ఇంత రాయనక్కర్లేదు. ఎనిమిదో హెన్రీ చట్టం కన్నా ముందే దారి పడింది. 1496లో కేంబ్రిడ్జ్‌లోని సెయింట్ రాడెగండ్ సన్యాసినుల మఠాన్ని మూసి, ఆ ఆస్తితో, ఆ కట్టడాలతోనే బిషప్ జాన్ ఆల్కాక్ జీసస్ కాలేజీ పెట్టాడు. ఇప్పటికీ ఆ కాలేజీ చాపెల్ ఆ సన్యాసినుల చర్చే. ఆక్స్‌ఫర్డ్ శివారులోని లిటిల్‌మోర్ సన్యాసినుల మఠాన్ని 1525లో కార్డినల్ వుల్సీ మూయించి, ఆ ఆదాయాన్ని తన పేరున పెడుతున్న కొత్త కాలేజీకి మళ్ళించాడు. ఆడవాళ్ళ మఠంలో క్రమశిక్షణ చెడిందని ముందు ఒక నివేదిక వస్తుంది, వెనకాలే దాని భూములు మగపిల్లల చదువుకు పోతాయి. మగవాళ్ళ మఠాలు కూడా పోయాయి కదా అంటారు. పోయాయి. కానీ మగవాడికి కాలేజీ మిగిలింది, న్యాయవిద్యాలయం మిగిలింది, చర్చి ఉద్యోగం మిగిలింది. ఆడవాళ్ళు కలిసి భూమి పట్టుకుని, తమలో ఒకరిని పెద్దగా ఎన్నుకుని, సొంత ముద్రతో వ్యవహరించే సంస్థ ఆ దేశంలో మరొకటి లేకుండా పోయింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఆడపిల్లల కోసం లేడీ మార్గరెట్ హాల్, సోమర్‌విల్ తెరుచుకున్నది 1879లో. 1539 నుంచి లెక్క వేస్తే 340 ఏళ్ళు. పట్టాలు ఇచ్చింది 1920 నుంచి. గాడ్‌స్టో ఉండి ఉంటే అది కాలేజీ అయ్యేదని నేను వాదించను. కానీ మగవాళ్ళ మఠాల వాసన ఇంకా వదలని కాలేజీలు విశ్వవిద్యాలయమై నిలబడినప్పుడు, రెండో దారి కనీసం తెరిచి ఉండేది.

తరువాతి సంగతులు త్వరగా ముగిస్తాను. స్థలం రాజవైద్యుడు జార్జ్ ఓవెన్‌కు దక్కింది. ఆయన మఠాన్ని కొంత కూల్చి, కొంత మార్చి నివాసం చేసుకున్నాడు. రోసమండ్ సమాధిని తవ్వితీసినప్పుడు ఎముకలతో పాటు సువాసన వచ్చిందని ఆ కాలపు చరిత్రకారుడు జాన్ లీలాండ్ రాశాడు. రాజుకూ పార్లమెంటుకూ జరిగిన యుద్ధంలో, 1645లో, ఆ ఇల్లు తగలబడింది. ఆ తరువాత చెక్కిన రాయి కావలసినవాళ్ళందరికీ అదే గని. ఎవరు పట్టుకెళ్ళారంటే చెప్పేవాళ్ళు లేరు. అందరూ శ్రీవైష్ణవులే, రొయ్యల బుట్ట కాస్తా ఖాళీ అన్న సామెత ఇక్కడికి సరిగ్గా అతుకుతుంది. 1790లో పక్కనే పడవల కోసం లాకులు కట్టారు. ధవళేశ్వరం లాకులు చూసినవాళ్ళకు ఇవి బొమ్మల్లా ఉంటాయి. 1862 జులై 4న లూయిస్ కారల్ ముగ్గురు ఆడపిల్లలను పడవలో గాడ్‌స్టో దాకా తీసుకొచ్చి దారిలో కథ చెప్పాడు, కాలేజీ డీన్ కూతుళ్ళు వాళ్ళు. తండ్రి నడిపే కాలేజీలో చదివే హక్కు ఆ పిల్లలకు లేదు. ఆ కాలేజీ క్రైస్ట్ చర్చ్. లిటిల్‌మోర్ సొమ్ము మళ్ళించి వుల్సీ పెట్టిన కాలేజీయే తరువాత ఆ పేరుతో స్థిరపడింది.

చూడాలనుకునేవాళ్ళకు రెండు మాటలు. శిథిలాలకు టికెట్టు లేదు, గేటు వేళలు లేవు. వానాకాలం, చలికాలం పోర్ట్ మెడో మీదుగా నడిచి వెళ్ళవద్దు, నీళ్ళు నిలిచి సగం చెరువవుతుంది. అన్నిటికన్నా ముందు ఊళ్ళోనే సెయింట్ జైల్స్ చర్చి దగ్గర ఆగండి. గాడ్‌స్టో వాళ్ళ చేతిలో నాలుగు వందల ఏళ్ళు ఉన్న చర్చి అది, కప్పుతో సహా నిలబడి ఉంది. అక్కడి నుంచి నది దాకా నడిస్తే ఒకప్పుడు వాళ్ళకు అద్దె కట్టిన వీధుల మీదుగానే వెళతారు. ఆకలేస్తే పబ్బు వంతెన పక్కనే ఉంది, దాని మీద నాకు కోపమేమీ లేదు.